ఉతకని చొక్కా

ఆ ఇంట్లో ఒక చొక్కాను ఉతకకూడదు. అది శాలేమురాజు పెట్టిన రూలు. వారమంతా వంటిమీదే ఉండి, చెమటకు తడిసి, ఆరి, మళ్ళీ తడిసి, చంకల దగ్గర ఉప్పు చారలు కట్టిన ఆ చొక్కాను శనివారం సాయంత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెనక వరండాలో మేకుకు తగిలించేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా, ఆ సంచి బండికి తగిలించుకొని వెళ్ళిపోయేవాడు. ఆయన భార్య కుమారి బాపట్ల కోర్టులో గుమాస్తా. లోకంలో గొడవలన్నీ ఓపిగ్గా వినే మనిషి. ఈ సంచి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని తిట్లు లంకించుకునేది.

"ఆ కంపుగొట్టు చొక్కా ఎవరికోసమండీ అంత భద్రం?"

"పెద్దాయన కోసం."

"ఆ పెద్దాయనకి ముక్కు లేదేంటి?"

"ఉండబట్టేగా!" అని నవ్వి బండి స్టార్ట్ చేసేవాడు.

పెద్దాయనంటే మనిషి కాదు, దుప్పి. అడవులదీవి దాటి, సముద్రప్పాయకు అవతల మడ అడవిలో ఉండే మగ దుప్పి. రెండు కొమ్ములూ పైకి లేచి, గిన్నె పట్టుకున్న చేతుల్లా లోపలికి వంగి ఉండేవి. కుడిచెవి చివర చిన్న గాటు. దానికి ఆ పేరు పెట్టింది శాలేమురాజే.

శాలేమురాజు ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారు. పిల్లలకు విలువిద్య నేర్పేవాడు. ఆయనకు విల్లంటే ఎంత పిచ్చంటే, పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కుమారి చేతివేళ్ళు చూసి "నారి బాగా లాగగలవు" అన్నాడట. ఆ మాట ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. బడి పిల్లలు కాకుండా ఆయన దగ్గర నేర్చుకున్న పెద్దవాళ్ళు కొందరున్నారు. తెనాలి పక్కన నందివెలుగు దగ్గర ఒక ఖాళీ స్థలంలో స్పాంజితో చేసిన జింకలను నిలబెట్టి బాణాలు వేస్తుంటారు. తమను తాము విల్లు బ్యాచ్ అనుకుంటారు. చేతులు నొప్పెట్టేదాకా వెయ్యడం, ఆ తర్వాత టీ తాగుతూ ఫోనుల్లో విదేశీ వేటగాళ్ళ వీడియోలు చూడటం. ఏ దేశంలో ఎవరు కొట్టిన జంతువుకు కొమ్ములు ఎంత పొడవు, ఎన్ని కొనలు, ఇవే మాటలు. మన దేశంలో దుప్పిని కొడితే జైలేనని బ్యాచ్‌లో అందరికీ తెలుసు. తెలిసి కూడా, జీవితంలో ఒక్కటి, పెద్ద కొమ్ములది, అని లోలోపల అందరికీ ఉంది. ఉండకూడదు. ఉంది మరి, ఏం చెయ్యమంటారు?

వాళ్ళలో ఉమ అని అందరూ పిలిచే ఉమామహేశ్వరరావుది రేపల్లెలో రైసుమిల్లు, తెనాలిలో కాపురం. శాలేమురాజు కంటే చిన్నవాడు. మాస్టారు నిలబడమంటే నిలబడతాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, అంత గురి. అతను లైసెన్సు తీసుకొని కెనడా వెళ్ళి, గుర్రమంత ఉండే ఎల్కు అనే దుప్పిని బాణంతో కొట్టి వచ్చినవాడు. ఆ తలను ఇక్కడికి తెచ్చుకోవడానికి మాత్రం కాగితాలు కుదరలేదు. మనసు ఊరుకోక, తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళకు ఫోటో ఇచ్చి ఫైబరుతో ఆ తల చేయించి హాల్లో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు "ఇదేం గేదండీ?" అని అడిగితే చిన్నబుచ్చుకునేవాడు. "ఎంతైనా బొమ్మ బొమ్మే మాస్టారూ. మనం కొట్టిన కొమ్ము మనింట్లో లేకపోతే ఆ వెలితి తీరదు" అనేవాడు.

ఇక చొక్కా సంగతి. తుపాకీ అయితే దూరం నుంచి పేల్చొచ్చు. బాణం అలా కాదు, జంతువు బాగా దగ్గరికి రావాలి. మనిషి వాసన తగిలితే అది రాదు. అందుకని విదేశాలవాళ్ళు వాసన లేని సబ్బులతో స్నానం చేసి, వాసన లేని బట్టలు వేసుకొని అడవికి వెళతారు. శాలేమురాజు అదీ చేసి చూశాడు. "మే నెలలో, మడ అడవిలో, చెమట పట్టకుండా ఉండటానికి నేనేమన్నా రాయినా?" అని విసుక్కొని, ఆ పద్ధతిని తిరగేశాడు. వాసన దాచలేకపోతే అలవాటు చేద్దాం అనుకున్నాడు. మడ అడవిలో చుట్టూ ఉప్పునీళ్ళే. ఎండాకాలం వస్తే మంచినీటి చుక్క దొరకదు. ఒక తొట్టి తీసుకెళ్ళి పెట్టి, వారం వారం క్యాన్లతో మంచినీళ్ళు మోసి పోశాడు. ఉమ వాళ్ళ మిల్లు నుంచి తవుడు తెచ్చి పక్కన పోశాడు. ఆ తొట్టిమీదికి వంగిన కొమ్మకు తన చెమట చొక్కా కట్టాడు. పాతది విప్పడం, కొత్తది కట్టడం, ఎండిన మడ ఆకుల మధ్య ఒక మూల కదలకుండా కూర్చోవడం. పాయ దాటించే పున్నారావు అనే పడవాయన "మాస్టారికి ఎండ దెబ్బ కొట్టిందండి" అని ఊళ్ళో చెప్పుకునేవాడు.

మొదటి ఏడాది బురదలో గిట్టల గుర్తులే కనబడ్డాయి. ఆ తర్వాత ఆడ దుప్పులు వచ్చాయి. మూడో వేసవిలో పెద్దాయన వచ్చాడు. వచ్చి, చొక్కాకు ముక్కు ఆనించి, దాని చేతిని ఒకసారి నాకి, తొట్టిలో మూతి పెట్టాడు. శాలేమురాజు విల్లెత్తి నారి చెవిదాకా లాగాడు. ఎన్నేళ్ళ కోరిక! ముందుకాలి వెనక, గుండె ఉండే చోటు, అరచెయ్యి అంత మేర, స్పష్టంగా కనబడుతోంది. పిల్లవాడైనా గురి తప్పడు.

పెద్దాయన తలెత్తి ఆయన్ను చూశాడు. నోట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గాలి మాస్టారి వైపు నుంచే వీస్తోంది, వాసన తెలుస్తూనే ఉంది. అయినా బెదరలేదు. చొక్కా వాసన, ఈ మూల కూర్చున్న మనిషి వాసన ఒకటేనని అర్థం చేసుకున్నట్టు ఒక నిమిషం చూసి, అక్కడే తొట్టి పక్కన మోకాళ్ళు మడిచి పడుకొని నెమరు వెయ్యడం మొదలుపెట్టాడు.

శాలేమురాజు చేతులు వణికాయి. నారిని మెల్లగా వెనక్కి వదిలి విల్లు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. అంత పెద్ద జంతువు తనను నమ్మి తన ముందు పడుకుంది. పుట్టి బుద్ధెరిగాక తనను ఎవరూ అంతలా నమ్మలేదనిపించింది.

ఆ రోజుతో వేట అయిపోయింది. తర్వాత కూడా విల్లు తీసుకెళ్ళేవాడు, పున్నారావు చూస్తాడని. పడవ దిగగానే పొదలో దాచేసేవాడు. నీళ్ళు పొయ్యడం, చొక్కా మార్చడం, కూర్చోవడం. పెద్దాయన వెంట ఆడ దుప్పులు, వాటి పిల్లలు కూడా ఆయన చుట్టూ తిరిగేవి. ఒక పిల్లయితే ఆయన బూటు తాడు కొరికి చూసింది.

ఇదంతా బ్యాచ్‌కు చెప్పొచ్చుగా? చెప్పలేదు. అక్కడే వచ్చింది తంటా. విల్లు పట్టడం నేర్పిన గురువు, దుప్పి మొహం చూసి చెయ్యి వణికిందంటే నవ్వరూ? అదొక్కటే కాదు. బ్యాచ్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు కనిపెట్టి, కాపు కాసిన జంతువు జోలికి ఇంకొకడు వెళ్ళకూడదు. నేను కొట్టనని చెప్పేస్తే పెద్దాయనకు ఆ రక్షణ పోతుంది. అందుకని ఎవరడిగినా, "కొత్త కొమ్ములురా, ఇంకా మెత్తటి తోలు ఊడలేదు. గట్టిపడనీ" అనేవాడు. మరుసటి ఏడు, "ఇంకో కొన వేసేట్టున్నాడు, ఆగుదాం" అనేవాడు. "మాస్టారి ఓపికే ఓపిక!" అని ఉమ పొంగిపోయేవాడు. తన అబద్ధం ఆ జంతువు చుట్టూ కంచెలా నిలబడిందని శాలేమురాజు లోలోపల మురిసిపోయాడు. పిచ్చి మనిషి.

ఈ ఏడు ఎండలు మొదలవుతుండగా రేపల్లె రోడ్డులో బండి జారింది. కుడి భుజం నుజ్జయింది. గుంటూరులో ఆపరేషను చేసి ప్లేటు వేశారు. "అన్నం తినొచ్చు, రాసుకోవచ్చు. విల్లు మాత్రం మర్చిపోండి" అన్నాడు డాక్టరు. ఆ మాట విని కుమారి ఏడ్చింది కానీ, శాలేమురాజుకు మనసులో ఒక మూల హాయిగానే ఉంది. ఇక అబద్ధాలు ఆడనక్కర్లేదు. ఆయన బెంగంతా తొట్టి గురించే. ఎండలు ముదురుతున్నాయి. నీళ్ళు ఎవరు పోస్తారు? పున్నారావుకు ఫోన్ చేస్తే, సముద్రంలో చేపల వేట నిషేధం రోజులని పడవ ఒడ్డుకెక్కించి కూతురి దగ్గరికి వెళ్ళానన్నాడు, వచ్చాక చూస్తానన్నాడు.

ఆ దిగులుతో మంచంమీద ఉండగా ఉమ చూడటానికొచ్చాడు. యాపిల్ పళ్ళు పక్కన పెట్టి, కట్టు వేసిన చేతిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"పెద్దాయన మిగిలిపోయాడురా ఉమా," అన్నాడు శాలేమురాజు. "ఇక చూడలేనేమో."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? నోటిదాకా వచ్చింది కూడా. ఉమ ఆయన ఎడమచెయ్యి పట్టుకొని, "ఊరుకోండి మాస్టారూ, ఇన్నేళ్ళు కాపు కాశారు, చివరికి ఇలాగా" అని వెక్కుతుంటే, పరువు అడ్డమొచ్చి మాట మింగేశాడు. కళ్ళు తుడుచుకొని గోడ వైపు తిరిగాడు. ఆ కన్నీళ్ళు దాహంతో ఉన్న దుప్పి కోసమని ఉమకు ఎలా తెలుస్తుంది? కొమ్ములు దక్కలేదని గురువు కుమిలిపోతున్నాడనుకున్నాడు. వెళ్ళేటప్పుడు వంటింట్లో కుమారితో ఏదో గుసగుసలాడాడు. శాలేమురాజు పట్టించుకోలేదు.

తర్వాతి వారం ఒక రోజు పొద్దున్నే ఉమ కారు వచ్చి ఆగింది. అతను గోనెసంచి ఒకటి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. తలుపులు వేయించి, కిటికీలు మూయించి, సంచి మూతి విప్పాడు.

గిన్నె పట్టుకున్న చేతుల్లాంటి కొమ్ములు. వాటి మధ్య ఇంకా ఆరని చర్మం, దానికి అంటుకొని కుడిచెవి. చెవి చివర గాటు.

శాలేమురాజు మంచం కోడు పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీరు కాపు కాశారు, కాబట్టి ఇది మీదే. బాణం మాత్రం నేను వేశా. ఆ బాణం కూడా మీదే, మీరిచ్చిందే," అన్నాడు ఉమ. "దొరికితే జైలని మా ఆవిడ కాళ్ళావేళ్ళా పడింది. వినలేదు. మీకోసం ఆ మాత్రం చెయ్యకపోతే నేనెందుకండీ?"

"ఎలా," అన్నాడు శాలేమురాజు.

"అంతా మీ పద్ధతే! అక్కనడిగి మీ చొక్కా తీసుకెళ్ళా. మేకుకి అలాగే ఉంది. పున్నారావు ఆ రోజే తిరిగొచ్చాట్ట, మాస్టారు పంపించారని చెప్తే వెంటనే పాయ దాటించాడు. తొట్టి ఎండిపోయి ఉంది. చుట్టూ నేలంతా తొక్కి తొక్కి ఉంది మాస్టారూ, పాపం రోజూ వచ్చి చూసుకొని పోతున్నాయేమో. నీళ్ళు పోసి, చొక్కా కట్టకుండా నేనే వేసుకొని కూర్చున్నా. తెల్లారుతుండగా వచ్చాడండీ. నీళ్ళ వైపు కూడా చూడలేదు. తిన్నగా నా వైపే వచ్చాడు."

శాలేమురాజు పెదవులు కొరుక్కున్నాడు.

"ఇక్కణ్ణుంచి ఆ గుమ్మమంత దూరం. అంత దగ్గర నేనెప్పుడూ కొట్టలేదు. సరిగ్గా గుండెలో దిగింది. కానీ ఒకటి మాత్రం అర్థం కాలేదు మాస్టారూ. దెబ్బ తగిలితే ఏ జంతువైనా పరిగెత్తి పారిపోవాలి కదా? ఈయన పారిపోలేదు. ఇంకా నా దగ్గరికే వచ్చాడు. వచ్చి, ఈ చొక్కాకి తల ఆనించి కూలిపోయాడు. అలాంటి పొగరు ఎక్కడా చూడలేదండీ నేను!"

పొగరు కాదు. ఎవరో తనను పొడిచారు, కాపాడమని తెలిసినవాడి దగ్గరికి వచ్చాడు. అంతే. ఆ ముక్క అరిచి చెప్పాలనుంది శాలేమురాజుకు. ఎదురుగా ఉమ, చిన్నపిల్లాడిలా, బాగుందనే మాట కోసం ఎదురుచూస్తున్నాడు. జైలుకు తెగించి తెచ్చాడు. ప్రేమతో తెచ్చాడు. వాణ్ణి ఏమని తిట్టాలి? ఎవరి తప్పని చెప్పాలి?

"బాగా కొట్టావురా," అన్నాడు.

ఉమ వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "కొన్నాళ్ళు ఎవరికీ కనబడకుండా దాచండి. సద్దుమణిగాక ఆ గోడకి పెట్టిద్దాం" అని, రక్తం మరకలు గడ్డకట్టిన చొక్కాను మడిచి కుర్చీమీద పెట్టి వెళ్ళిపోయాడు.

కారు వీధి మలుపు తిరిగేదాకా శాలేమురాజు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత సంచి పక్కన నేలమీద కూలబడి, ఆ చెవిని వేలితో నిమురుతూ బావురుమన్నాడు. కుమారి కంగారుపడి పరిగెత్తుకొచ్చింది. చెప్పాడు. నారి దించిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు.

"మరి నాకైనా చెప్పొచ్చు కదండీ!" అని ఆవిడ నోరు కొట్టుకుంది. "మీరు కొట్టడానికే వెళ్తున్నారనుకున్నా కదా. కొమ్ములు చూస్తే మీ దిగులు తీరుతుందని, అతనడగ్గానే నా చేతుల్తో నేనే తీసిచ్చా కదండీ ఆ చొక్కా!"

"నీ తప్పేముందే? వాడి తప్పేముంది?" అన్నాడు శాలేమురాజు. "నా వాసన ఎంత మంచిదో దానికి నేర్పింది నేను. చంపడానికే నేర్పాను ముందు. తర్వాత మనసు మార్చుకున్నా. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. దానికి తెలీదు, మీకు తెలీదు."

ఉమకు మాత్రం ఎప్పటికీ చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. అది తెలిస్తే వాడు బతకలేడు. ఆ మధ్యాహ్నం కుమారి చొక్కాను బకెట్‌లో నానబెట్టి, సబ్బు పెట్టి, నీళ్ళు తేటపడేదాకా ఉతికింది. ఇన్నేళ్ళలో ఆ చొక్కా దండెం మీదికి ఎక్కడం అదే మొదలు. శాలేమురాజు వద్దనలేదు.

ఆదివారం ఇద్దరూ ఆరాధనకు వెళ్ళలేదు. ఆటో మాట్లాడుకొని, నీళ్ళ క్యాన్లు, గోనెసంచి పెట్టుకొని అడవులదీవి వెళ్ళారు. పడవలో పున్నారావు సంచి వైపు చూసి చూడనట్టు, "మీరే పంపించారనుకున్నానండి మాస్టారూ" అన్నాడు.

"నేనే పంపించా," అన్నాడు శాలేమురాజు. పాయ మధ్యలో, లోతైన చోట, ఎడమచేత్తో సంచిని పడవ అంచు దాటించి వదిలేశాడు. అది ఒక్కసారి తేలి మునిగిపోయింది.

తొట్టి దగ్గర నేల నల్లగా మరక కట్టి ఉంది. అటు చూడకుండా ఇద్దరూ కలిసి నీళ్ళు పోశారు. కొమ్మకు చొక్కా కట్టలేదు. వెళ్ళిపోదాం అని లేచేలోపే ఆకులు కదిలాయి. ఆడ దుప్పులు, వాటి వెనక పిల్లలు. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. అయినా ముందు నీళ్ళ దగ్గరికి పోలేదు. అన్నిటికన్నా పెద్ద ఆడ దుప్పి ముక్కు చాచి శాలేమురాజు దగ్గరికి వచ్చింది. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు కానీ, చెమట ఎక్కడికి పోతుంది? దాని వెనకే వచ్చిన పిల్ల ఆయన మోకాలికి మూతి రాసింది.

"అయ్యో, ఇంత దగ్గరికొస్తాయాండీ!" అంది కుమారి. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి చాచబోయింది.

"ముట్టుకోవద్దు!" అని అరిచాడు శాలేమురాజు. కుమారి అదిరిపడింది. దుప్పులు కదల్లేదు. ఎంత అరిచినా వాటికి ఆయన అలవాటైన మనిషే. వంగి ఎడమచేత్తో బురద తీసి పిల్ల మొహాన కొట్టాడు. అది ఎగిరి వెనక్కి పడి, లేచి, మళ్ళీ ఆయన్నే చూసింది. ఇంకో ముద్ద తీసి తల్లిని కొట్టాడు.

"పోండే! పోండి ఇక్కణ్ణుంచి! నీళ్ళు తాగండి, మనిషి దగ్గరికి రాకండి! నన్ను నమ్మొద్దు, నమ్మొద్దే!"

అరుస్తూనే ఏడుస్తున్నాడు. కట్టులో ఉన్న భుజం మెలిపెట్టి లాగుతోంది. "నువ్వు కూడా కేకలెయ్యి కుమారీ! నిలబడి చూస్తావేంటి, భయపెట్టు!" అన్నాడు. కుమారి ఖాళీ క్యాను తీసుకొని, వెక్కుతూ, చెట్టు మొదలుకేసి దబదబా బాదింది. పిల్లలు పొదల్లోకి దూకాయి. వాటి వెనక మిగతావి.

పెద్ద ఆడ దుప్పి మాత్రం పొద అంచున ఆగి వెనక్కి తిరిగి చూసింది. శాలేమురాజు వంగి ఇంకో బురదముద్ద తీశాడు.